వద్దన్న విమానం

ఆకాశంలో ఎంతటి వీరుడైనా, కిందికి దిగి కాగితం ముందు కూర్చునేసరికి మనలాంటి మనిషే అయిపోతాడు. ఒకడు గోరంతను కొండంత చేస్తాడు. ఒకడు జరిగిందంతా నమిలి మింగేసి చివర సంతకం మాత్రం పెద్దగా పెడతాడు. ఈ సంగతి భూతద్దానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

భూతద్దం అంటే మనిషే, వస్తువు కాదు. వైమానిక దళం రికార్డుల ఆఫీసులో పాత యుద్ధపు పోరాట నివేదికలు చూసే ఆవిడకు తోటివాళ్ళు పెట్టిన పేరది. ప్రతి అక్షరాన్నీ అనుమానించడం ఆవిడ గుణం. క్యాంటీన్లో టీ రేటు పెరిగిందని బోర్డు పెడితే, ఆ బోర్డు ఎవరి చేతిరాతో కనుక్కుని గాని టీ తాగదు. మొదట్లో ఆ పేరు వినపడకుండా అనేవారు. తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు డైరెక్టరు గారు కూడా "భూతద్దం గారూ" అనే పిలుస్తున్నారు, ఆవిడ కూడా తలెత్తకుండానే "ఆఁ, సార్" అంటోంది.

యుద్ధం ముగిసి నలభై ఏళ్ళు అవుతున్న సందర్భంగా ఒక చిన్న పుస్తకం వేయాలని డైరెక్టరు గారికి బుద్ధి పుట్టింది. వీరగాథలు ఇప్పటికే బోలెడు వచ్చాయి, ఎవరూ చదవడం లేదు. అందుకని పోరాట రికార్డుల్లో కనబడే వింతలూ విడ్డూరాలూ ఏరి వేద్దామన్నారు. ఏరే పని సహజంగానే భూతద్దం నెత్తిన పడింది. కింది అంతస్తులో, ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతాయని ఫ్యానే పెట్టని గదిలో, ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని ఆవిడ పనిలోకి దిగింది.

వింతలకేం లోటు లేదు. తుపాకీ అన్నదే లేని సరుకుల విమానాన్ని శత్రువొకడు తరుముకుంటూ వచ్చాడు. సరుకులవాడు కొండను తప్పించుకున్నాడు, వెనకవాడు తప్పించుకోలేకపోయాడు. దిగాక ఆ సరుకుల పైలట్ 'కూల్చినవి ఒకటి, వాడిన తూటాలు సున్నా' అని రాసి, కింద 'చేతులు మాత్రం బాగా వణికాయి' అని చేర్చాడు. ఇంకొక చోట, తోక దగ్గర కూర్చునే గన్నర్ కంగారులో తన విమానం రేడియో తీగనే తెగ్గొట్టుకుని, దాన్ని శత్రువు ఖాతాలో వేయబోయి దొరికిపోయాడు. ఒకే విమానాన్ని మేమంటే మేము కూల్చామని ముగ్గురు పట్టుబడితే, పై అధికారి విసిగిపోయి తలా మూడోవంతు పంచేశాడు. వాళ్ళలో ఒకాయన మిగతా రెండు వంతులూ ఎప్పుడిస్తారని యుద్ధం అయిపోయేదాకా అడుగుతూనే ఉన్నాడు. యుద్ధం జరిగిన సరస్సుకు అవతలి వైమానిక స్టేషన్ దినచర్య పుస్తకంలో అయితే ఒకరోజు, తెల్లవారిన టైము తప్పితే, పేజీ అంతటికీ ఒక్కటే వాక్యం ఉంది: 'గడియారం ముట్టుకున్నందుకు వంటవాడికి రెండు రోజులు గార్డు గది.' గడియారం ముట్టుకుంటే జైలేమిటో భూతద్దానికి అంతుబట్టలేదు. కానీ చదివినప్పుడల్లా నవ్వొచ్చేది. అందుకని దాన్నీ పుస్తకంలో వేసింది.

అలా ఏరుతుండగా ఒక పొద్దున ఆవిడ చేతికి ఒక నివేదిక వచ్చింది. సరస్సు మీద శత్రువుల రెండింజన్ల విమానాన్ని కూల్చినట్టు ఒక కుర్ర పైలట్ రాశాడు. పైవాళ్ళు ఒప్పుకుని ముద్ర కూడా వేశారు. అంతవరకూ మామూలే. దాని వెనక అదే చేతిరాతతో, నాలుగు రోజుల తర్వాత రాసిన చీటీ గుచ్చి ఉంది. నా పేరున రాసిన విమానాన్ని దయచేసి కొట్టివేయండి అని. దాని మీద ఎవరో అధికారి ఎర్ర సిరాతో, చిరాకు తెలిసేలా, 'కారణం అడిగాము. చెప్పడు' అని గీకాడు.

భూతద్దం ముక్కుకు కట్టిన రుమాలు విప్పి మళ్ళీ చదివింది. ఇన్ని వేల నివేదికల్లో నాకింకొకటి కావాలి, అరయినా ఇవ్వండి, పక్కవాడికిచ్చింది నాది అని దెబ్బలాడినవాళ్ళే గాని, ఇచ్చింది వద్దన్నవాణ్ణి ఇదే చూడటం.

డైరెక్టరు గారు ఎగిరి గంతేసినంత పని చేశారు.

"ఇదే మన ఆఖరి అధ్యాయం! మనిషున్నాడా, పోయాడా?"

"ఉన్నారు సార్. పెన్షన్ విభాగంలో అడ్రసు ఉంది. ఊళ్ళోనే."

"ఇంకేం, వెళ్ళి ఎందుకు వద్దన్నాడో కనుక్కు రండి. నలభై ఏళ్ళయింది, ఇప్పుడైనా చెప్పకపోతాడా."

ఆ మర్నాడు భూతద్దం బస్సెక్కి వెళ్ళింది. ఒక ఇస్త్రీ దుకాణం పైన మెట్లెక్కి వెళ్ళే చిన్న ఇల్లది. కింద నుంచి వేడి బట్టల వాసన పైదాకా వస్తోంది. తలుపు తీసింది ఇంటావిడ. లావుపాటి కళ్ళద్దాలు, కొంగు నడుముకు దోపిన తీరు, తెరిచిన తలుపు మూసేలోపే పది మాటలు.

"రికార్డుల ఆఫీసా? రామ్మా, రా. చెప్పులు అక్కడే ఉండనీ, ఫరవాలేదు. ఏమండీ, మీకోసం ఎవరో వచ్చారు! ఈయన్ని వెతుక్కుంటూ మనుషులు రావడం నేనైతే ఇప్పుడే చూడటం. కూర్చో, టీ పెడతాను. పంచదార వేసుకుంటావు కదూ?"

పెద్దాయన ముందుగదిలో వీధి కిటికీ వైపు కుర్చీ వేసుకుని, పాడైపోయిన కుళాయిని విప్పి ముక్కలు ముక్కలుగా పేపరు మీద పేర్చుకుంటున్నాడు. యుద్ధం తర్వాత ఆయన మళ్ళీ విమానం ఎక్కలేదు. నీళ్ళ సరఫరా ఆఫీసులో చేరి అక్కడే రిటైరయ్యాడు. మనిషి బక్కగా, పొడుగ్గా ఉన్నాడు. నమస్కారానికి తల ఊపాడు తప్ప నోరు విప్పలేదు. ఆయన వీపు వెనక గోడ మీద ఒక ఫొటో ఉంది. టోపీ పక్కకు వాల్చి పెట్టుకున్న కుర్రవాడు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"మా తమ్ముడు," అంది ఇంటావిడ టీ కప్పు చేతికిస్తూ. "వీళ్ళిద్దరికీ ట్రైనింగులో ఒకటే గది. నా సంబంధం కుదిర్చిందే వాడు. 'బావా, మా అక్కకి నోరెక్కువ, నీకసలు నోరే లేదు, ఇద్దరికీ కలిపి సరిపోతుంది' అన్నాడట. యుద్ధంలో పోయాడమ్మా. ఫొటోలు తీసే విమానం వాడిది. సరస్సు మీద పోయాడు, మనిషి కూడా దొరకలేదు."

భూతద్దం పెద్దాయన వైపు చూసింది. ఆయన కుళాయి లోపలి రబ్బరు వాషరును వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు.

"అల్లరంటే అల్లరి కాదు. ఆఖరిసారి సెలవుకొచ్చినప్పుడు వాళ్ళ కమాండర్ గురించి ఒకటి చెప్పాడు చూడూ, కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. ఏమైందంటే..."

"ఈవిడకి బస్సు వెళ్ళిపోతుంది," అంటూ పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడేగా వచ్చింది! టీ అయినా తాగనివ్వండి. చూశావా అమ్మా, వాడి ఊసెత్తితే చాలు, ఈయనకి ఎక్కడో ఏదో పని గుర్తొస్తుంది. వాడు పోయిన దగ్గర్నుంచీ ఇదే వరస."

ఆవిడ నవ్వుతూనే అంది గాని, ఆ నవ్వు కళ్ళద్దాల వెనక దాకా వెళ్ళలేదు. భూతద్దం ఆ మాత్రం చూడగలదు.

పెద్దాయన బస్టాపు దాకా వెంట నడిచాడు. బెంచీ మీద దుమ్ము చేత్తో దులిపి ఆవిణ్ణి కూర్చోమని సైగ చేశాడు. తను నిలబడే ఉన్నాడు.

"మీరెందుకొచ్చారో తెలుసు. ఎందుకు కొట్టెయ్యమన్నానని అడగడానికి."

"అవును సార్."

"ఆ రోజు సరస్సు మీద పొగమంచు. పైన ఎండ. ఎండకి ఎదురుగా రెండింజన్ల విమానం ఒకటి కనబడింది. వెనకనుంచి వెళ్ళి కొట్టాను. రెక్క మీద శత్రువు గుర్తు చూశాననే అనుకున్నా. మంటలతో మంచులోకి పోయింది. దిగి గంతులేశాను, నా మొదటి విమానం అది. మర్నాడు తెలిసింది, మావాడు తిరిగి రాలేదని. వాడి పెట్టె తెచ్చుకోవడానికి సరస్సు అవతల వాళ్ళ స్టేషనుకి నేనే వెళ్ళాను. అక్కడి రైటరు దినచర్య పుస్తకం తీసి చూపించాడు. ఏడున్నరకి సరస్సు మీద ఉన్నానని రేడియోలో చెప్పాడట, ఆ తర్వాత పలకలేదు. నేను కొట్టింది కూడా ఏడున్నరకే. వాడిదీ రెండింజన్ల విమానమే."

భూతద్దం బెంచీ మీంచి లేచింది. "ఇంట్లో ఆవిడకి..."

"తెలీదు. అప్పటికి మా పెళ్ళై ఏడాది. ఏమని చెప్పను? నీ తమ్ముణ్ణి నేనే చంపాను, అన్నం పెట్టు అనా?" బస్సు మలుపు తిరిగి వస్తోంది. "మీ పుస్తకం మీరు వేసుకోండి. నన్ను వదిలెయ్యండి. నాకోసం కాదు. ఈ వయసులో ఆవిడ అది చదవకూడదు."

"నా చేతి మీదుగా రాదు సార్," అంది భూతద్దం. బస్సెక్కాక, మాట ఇచ్చేశానే, నిలబెట్టుకోగలనా అని ఆవిడకు గుండె పీకడం మొదలుపెట్టింది.

పీకడానికి కారణం ఆఫీసులో సిద్ధంగానే ఉంది.

"మీరు లేనప్పుడు నేనూ ఒక భూతద్దం పట్టుకున్నాను," అన్నారు డైరెక్టరు గారు. ఆయన బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. ఒకటి పెద్దాయన నివేదిక. రెండోది అవతలి స్టేషన్ పుస్తకంలో అదే రోజు పేజీ. "అదే సరస్సు, అదే ఏడున్నర. మనవాణ్ణే కూల్చాడండీ. అందుకే వద్దన్నాడు."

దాచి లాభం లేదని భూతద్దం ఉన్నదున్నట్టు చెప్పేసింది, పోయినవాడు ఆ ఇంటావిడ సొంత తమ్ముడని కూడా. డైరెక్టరు గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే బాధపడ్డారు.

"అయ్యో. ఎంత ఘోరం. కానీ భూతద్దం గారూ, ఆ విమానంలో కెమెరా దగ్గర ఇంకొకడు కూడా ఉన్నాడు. వాడి అన్నదమ్ములు ఇప్పటికీ మనల్ని అడుగుతూనే ఉన్నారు, మావాడెలా పోయాడండీ అని. ఒక ఇంటికి తెలియకూడదని ఇంకో ఇంటికి చెప్పడం మానేద్దామా? వింతల్లో వెయ్యను. నవ్వులాటగా రాయను. చివర ఒక పేజీలో జరిగింది జరిగినట్టు వేస్తాను. శుక్రవారం ప్రెస్సుకి పోవాలి. ఈలోపు దీన్ని కాదనేది ఏదైనా దొరికితే తెండి, సంతోషంగా తీసేస్తాను."

ఆయన మాటలో తప్పు పట్టడానికి భూతద్దానికి ఒక్కటీ దొరకలేదు. అదే ఆవిడ కష్టం. పుస్తకం అచ్చయితే వైమానిక దళం పెన్షనుదారులందరికీ ఒక కాపీ ఉచితంగా వెళుతుంది. ఇస్త్రీ దుకాణం పైన ఇంటికీ వెళుతుంది. పోస్టు వచ్చినప్పుడు తలుపు తీసేది ఆ ఇంటావిడే.

రెండు రోజులు భూతద్దం ఆ రెండు కాగితాలనూ తిరగేసి మరగేసి చూసింది. కలిపి చూసింది, విడదీసి చూసింది. ఎన్నిసార్లు చూసినా ఏడున్నర ఏడున్నరే. చనిపోయినవాడిది ఏడున్నర, చంపినవాడిది ఏడున్నర. చివరికి అన్నం సయించక, ఇంట్లో అడిగినవాళ్ళమీద కసురుకోవడం దాకా వచ్చింది.

గురువారం పొద్దున భూతద్దం ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. దానికి కారణం హాల్లో గోడ గడియారం. భూతద్దం అత్తగారు ఆ గడియారాన్ని ఎప్పుడూ ఇరవై నిమిషాలు ముందుకు తిప్పి ఉంచుతుంది. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. అందరూ మనసులో ఇరవై తీసేసుకునే బతుకుతున్నారు. ఆ పొద్దున భూతద్దం మొగుడు దాని బ్యాటరీ సెల్లు మార్చి, చేతిగడియారం చూసుకుని, దాన్ని శుభ్రంగా సరైన సమయానికి పెట్టాడు. మెచ్చుకుంటారేమోనని కాసేపు దాని కిందే నిలబడ్డాడు కూడా.

"ఎవర్రా నా గడియారం ముట్టుకుంది?" అంది అత్తగారు వంటింట్లోంచి వస్తూనే.

"నేనేనమ్మా. తప్పు టైము చూపిస్తుంటే సరిచేశాను."

"తప్పని నాకు తెలీదనుకున్నావా? ఆ తప్పు పెట్టిందే నేను! మీరు ఏనాడైనా టైముకి గడప దాటిన మొహాలేనా? ఇంకోసారి ముట్టుకున్నావంటే గదిలో పెట్టి తాళం వేస్తాను, ఎంత పెళ్ళాం ఉన్నవాడివైనా సరే."

చెప్పులో ఒక కాలు పెట్టి, రెండో చెప్పు చేత్తో పట్టుకుని ఉన్న భూతద్దం అలాగే ఆగిపోయింది.

గడియారం ముట్టుకున్నందుకు వంటవాడికి రెండు రోజులు గార్డు గది.

వంటవాడు గడియారాన్ని పాడుచేయలేదు. సరిచేశాడు.

"అత్తయ్యా, మీ కాళ్ళకి దండం," అంది భూతద్దం, రెండో చెప్పు వేసుకుంటూ.

"దానికి మళ్ళీ ఏమొచ్చింది?" అని అత్తగారు కొడుకును అడిగింది. కొడుకు గడియారాన్ని ఇరవై నిమిషాలు ముందుకు తిప్పుతున్నాడు.

ఆఫీసులో ఆవిడ అవతలి స్టేషన్ పుస్తకాలన్నీ బల్ల మీదికి దించింది. ఆ రైటరుకు ఒక అలవాటుంది. రోజూ మొదటి వాక్యంగా 'తెల్లవారింది' అని రాసి పక్కన టైము వేస్తాడు. భూతద్దం వాతావరణ శాఖ పాత పట్టికలు తెప్పించి పక్కన పెట్టుకుంది. చలికాలం మొదట్లో ఆ స్టేషనుకు ఒక కొత్త కమాండర్ వచ్చాడు. ఆయన వచ్చిన దగ్గర్నుంచి, బదిలీ అయిపోయే దాకా, లోకమంతటా ఒక వేళకు ఉదయించిన సూర్యుడు ఆ స్టేషన్ మీద మాత్రం సరిగ్గా గంట ఆలస్యంగా డ్యూటీకి వచ్చేవాడు. అంటే ఆ గోడ గడియారం గంట ముందు నడిచింది. చలికి దుప్పట్లు వదలని కుర్రాళ్ళను తెల్లారకముందే లేపడానికి కమాండర్ వేసిన ఎత్తు అయ్యుంటుంది, అచ్చం అత్తగారి లాగే. అక్కడున్న వాళ్ళందరికీ అది తెలుసు, కాబట్టి ఎవరూ ఎక్కడా రాయలేదు. రైటరు మాత్రం తలెత్తి గోడ గడియారం చూసి, ఏ టైము కనబడితే ఆ టైము రాసుకుంటూ పోయాడు.

ఆ పిల్లవాడు పోయిన రోజూ ఆ మధ్యలోదే. ఆ లెక్కన వాళ్ళ ఏడున్నర అసలు ఆరున్నర.

అప్పటికీ భూతద్దం తన మాట తనే నమ్మలేదు. హెడ్‌క్వార్టర్స్ రేడియో గదికి వేరే గడియారం, వేరే పుస్తకం ఉండేవి. అవి ఇంకో విభాగం కింద, ఇంకో బిల్డింగులో ఉన్నాయి. వాటిని ఎవరూ ఈ కాగితాలతో కలిపి చూసిన పాపాన పోలేదు. ఆవిడ నడిచి వెళ్ళి, అక్కడి గుమాస్తాను బతిమాలి, ఆ రోజు పేజీ తీయించింది. ఫొటోల విమానం నుంచి ఆఖరి కబురు అక్కడా వినబడింది: సరస్సు మీద ఉన్నాం, మంచు బాగా ఉంది. పక్కన టైము, ఆరున్నర. ఐదు నిమిషాలకు మళ్ళీ పిలిస్తే జవాబు లేదని కింద రాసి ఉంది.

డైరెక్టరు గారు నిలబడే చదివారు. తర్వాత పెద్దాయన నివేదిక తీసి, పైన బయల్దేరిన టైము దగ్గర వేలు పెట్టారు.

"ఏడింటికి పైకి లేచాడు. ఆ పిల్లవాడు పలకడం మానేసేటప్పటికి ఈయనింకా నేల మీదే ఉన్నాడు."

"అవును సార్."

"మరి ఈయన కొట్టిందెవర్ని?"

"శత్రువుల లెక్కలో ఆ పొద్దున ఒక రెండింజన్లది తిరిగి రాలేదని ఉంది సార్. మన జాబితాలో దానికి జత దొరక్క ఇన్నాళ్ళూ ఖాళీగా వదిలేశాం."

డైరెక్టరు గారు తన చేతులతోనే ఆఖరి పేజీ తీసి చించేశారు. "మీ భూతద్దానికో దండమండీ. వెళ్ళండి, ఇంకా ఇక్కడ నిలబడతారేం? అన్నట్టు, ఆయన విమానం ఆయన పేరున మళ్ళీ రాస్తామని చెప్పండి."

ఇస్త్రీ దుకాణం పైన తలుపు ఈసారి పెద్దాయనే తీశాడు. భూతద్దాన్ని చూడగానే ఆయన తలుపు సగం దగ్గరికి లాగాడు. లోపల ఇంటావిడ బట్టలు మడతపెడుతూ ఎవరినో, బహుశా బట్టలనే, తిడుతోంది. భూతద్దం గుమ్మంలోనే నిలబడి గొంతు తగ్గించి చెప్పింది. ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చిన మాటలేవీ గుర్తురాలేదు.

"మీరు కాదు సార్. వాళ్ళ స్టేషన్ గడియారం గంట ముందుండేది. ఆయన పోయింది ఆరున్నరకి. అప్పటికి మీ విమానం ఇంకా నేల మీదే ఉంది."

"మళ్ళీ చెప్పు."

చెప్పింది. రేడియో గది సంగతి కూడా చెప్పింది. ఆయన తలుపు చెక్క పట్టుకుని విన్నాడు.

"మళ్ళీ ఇంకోసారి చెప్పు."

మూడోసారి విన్నాక ఆయన లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు, కూర్చోవడమంటే కూలబడటమే. భూతద్దం డైరెక్టరు గారి కబురు చెప్పబోయింది. "అదిప్పుడెందుకు," అని చేత్తో వారించాడు. కాసేపటికి మొహం తుడుచుకుని లోపలికి కేక వేశాడు.

"ఏమోయ్, ఇలా వచ్చి కూర్చో. నీకొకటి చెప్పాలి."

భూతద్దం వెళ్ళిపోబోతే ఆగమన్నాడు. "ఉండు. నేను తప్పు చెబితే సరిచెయ్యి."

ఆయన చెప్పాడు. మంచు, ఎండ, రెండింజన్ల విమానం, పెట్టె తేవడానికి వెళ్ళిన స్టేషన్, పుస్తకంలో ఏడున్నర, అన్నీ. ఇన్నాళ్ళూ ఏమనుకున్నాడో చెప్పాడు. అది నిజం కాదని, ఆ స్టేషన్ గడియారం గంట ముందుండేదని ఈ అమ్మాయి తేల్చిందని చెప్పి ఆగిపోయాడు. ఒళ్ళో సగం మడిచిన దుప్పటితో ఆవిడ కదలకుండా విన్నది. అంతసేపు ఆవిడ మాట్లాడకుండా ఉండటం ఆ ఇంటి గోడలు చూసి ఉండవు.

"అందుకేనా, వాడి పేరెత్తగానే లేచి పోయేవారు?" అంది చివరికి.

ఆయన తల ఊపాడు.

"వాడంటే మీకు గిట్టదనుకున్నానండీ. పోయినవాడి మీద కూడా ఈ మనిషికి ఇంత కంటగింపేమిటా అనుకున్నాను. నోరు మూసుకుని ఇన్నేళ్ళూ కాపురం చేశాను. ఎన్నిసార్లు ఏడ్చానో తెలుసా, మీరు నీళ్ళాఫీసుకి వెళ్ళాక?" ఆవిడ కళ్ళద్దాలు తీసి దుప్పటితోనే తుడుచుకుంది. అంతలో ఏదో తట్టినట్టు భూతద్దం వైపు తిరిగింది. "ఏమిటమ్మా, గడియారమా? గంట ముందుకా?"

"అవునండీ. వాళ్ళ కమాండర్..."

"కుర్రాళ్ళు లేవడం లేదని తిప్పించాడు! వంటవాడు పాపం సరిచేస్తే గదిలో పెట్టారు!"

భూతద్దం నోరు తెరిచింది. "మీకెలా తెలుసు?"

"నాకు తెలీకపోవడమేమిటి! వాడు ఆఖరిసారి వచ్చినప్పుడు చెప్పింది అదేగా! 'మా ఊళ్ళో ఏడైతే మీకింకా ఆరేనే అక్కా, నీకంటే గంట ముందు ముసలాణ్ణవుతాను' అన్నాడు." ఆవిడ ఒళ్ళోని దుప్పటి తీసి బల్ల మీద విసిరికొట్టింది. "మొన్న ఈ పిల్ల వచ్చినప్పుడు కూడా చెప్పబోయాను. ఎన్నిసార్లు మొదలుపెట్టానండీ! పెళ్ళిళ్ళలో మొదలుపెట్టాను, రైల్లో మొదలుపెట్టాను, పిల్లలకి చెబుతుంటే కూడా లేచి పోయారు. ఒక్కసారి కూర్చుని వినుంటే! ఒక్క నాడు, ఇదీ సంగతి అని నాతో అనుంటే, ఆ నాడే తేల్చేసేదాన్ని కదండీ!"

ఆవిడ గట్టిగానే ఏడ్చింది. తన తప్పేమిటో పెద్దాయనకు అప్పుడే తెలిసింది. అది ఆకాశంలో చేసింది కాదు.

కాసేపటికి ఆయన లేచాడు. ఆవిడ ఏడుపు ఆపి చూసింది, అలవాటుగా మళ్ళీ బయటికి పోతాడేమోనని. ఆయన పోలేదు. కిటికీ వైపున్న కుర్చీని ఈడ్చి, ఆవిడకు ఎదురుగా, ఫొటో కనబడేలా వేసుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు.

"ఏం చెప్పను, అంతా తెలిసిపోయాక?"

"వాడు చెప్పింది. మొదట్నుంచీ."

ఆవిడ ముక్కు ఎగబీల్చింది. మొగుణ్ణి ఒకసారి కోపంగా చూసి, కొంగుతో మొహం తుడుచుకుని, కళ్ళద్దాలు సర్దుకుంది. భూతద్దం చప్పుడు చేయకుండా సంచీ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళింది.

"వాళ్ళ స్టేషనుకి కొత్తగా ఒక కమాండర్ వచ్చాడట..." అని వెనకాల ఆవిడ గొంతు మొదలైంది.

"ఊఁ," అన్నాడు పెద్దాయన.